కాల్ బాయ్ ఇంకా రాలేదు

ఇడ్లీలు తింటూ వింటున్నవాళ్ళకీ, పిల్లల్ని తెలుగు బడిలో దింపి కార్లో కూర్చుని వింటున్నవాళ్ళకీ పేరుపేరునా నమస్కారం.

ఈ వారం నన్ను మాట్లాడమన్నారు. దేని గురించి అంటే "మీ ఇష్టం" అన్నారు. నా ఇష్టం అంటే మా ఇంట్లోవాళ్ళు భయపడతారు, ఎందుకంటే నాకిష్టమైనవి రైళ్ళు. మన కమ్మింగ్‌లో చూస్తే రైలు స్టేషనే లేదు. 400 మీద దక్షిణానికి పోతే నార్త్ స్ప్రింగ్స్‌లో మార్టా వాళ్ళ ఆఖరి స్టేషను. ఇటు గేన్స్‌విల్ పోతే న్యూయార్క్ నుంచి న్యూ ఆర్లియన్స్ వెళ్ళే క్రెసెంట్ బండి ఆగుతుంది. నడుమన మనం, లేనియర్ చెరువు, బోలెడు సబ్‌డివిజన్లు.

ఆ సబ్‌డివిజన్లలో ఏ తలుపు తట్టినా ఇంజనీరే కదా! మా అమ్మాయి ఎలిమెంటరీ స్కూల్లో ఉండగా ఒకసారి తాతగారి గురించి రాసుకు రమ్మన్నారు. మా నాన్న కాజీపేటలో ఇంజిన్ డ్రైవరు. అది ఇంగ్లీషులో ఎలా రాయాలి అని అడిగింది. అమెరికాలో రైలు నడిపేవాణ్ణి ఇంజనీర్ అంటారని అప్పుడే నాకు వెలిగింది. కొడుకుని ఇంజనీరుని చెయ్యాలని మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఇంజిన్లు నడిపాడు. తీరా ఇక్కడికొచ్చి చూస్తే అసలు ఇంజనీరు ఆయనే!

ఇవాళ నేను చెప్పబోయేది మా నాన్న గురించి కాదు, ఆయన మనవడి గురించి. మా అక్క కొడుకు. వాడు రైలు డ్రైవరు ట్రైనింగు కోసం ఎదురుచూసిన రోజుల గురించి. ఆ రోజుల్లో నేను చేసిన తెలివితక్కువ పని గురించి కూడా.

ముందు కాల్ బాయ్ ఎవరో చెప్పాలి. మా చిన్నప్పుడు రైల్వే క్వార్టర్స్‌లో ఫోన్లు లేవు. డ్రైవరుకి ఫలానా బండి, ఫలానా టైము అని చెప్పడానికి షెడ్డు నుంచి ఒక మనిషి సైకిల్ మీద పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. ఆయనే కాల్ బాయ్. పేరుకి బాయ్, వయసు యాభై ఉండేది. అర్ధరాత్రి రెండింటికి తలుపు కొట్టేవాడు. నాన్న లేచి పుస్తకంలో సంతకం పెట్టేవాడు. అమ్మ టిఫిను డబ్బా సర్దేది. లైన్ బాక్సు వెళ్ళిపోయేది, నాన్న వెళ్ళిపోయేవాడు. పండగైనా పెళ్ళైనా కాల్ వస్తే వెళ్ళడమే. రాకపోతే ఎదురుచూడటమే. సినిమాకి పోదామంటే "కాల్ వస్తదేమో" అనేవాడు. అలా మా ఇల్లు ఎప్పుడూ చెవులు తలుపుకేసి ఉండేది.

2018 ఫిబ్రవరిలో రైల్వే వాళ్ళు అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ ఉద్యోగాలకి నోటిఫికేషన్ ఇచ్చారు. మొదట 26,502 అన్నారు, తర్వాత 64,371కి పెంచారు. దేశం మొత్తం మీద 47 లక్షల పైచిలుకు మంది అప్లై చేశారు. ఆ 47 లక్షల్లో మావాడొకడు. మెకానికల్ బి.టెక్ చదివి, హైదరాబాదులో అమీర్‌పేట కోచింగులకి పోకుండా, "తాత నడిపిన బండి నడుపుత" అన్నాడు. మా అక్క ఏడ్చింది. నేను ఇక్కడి నుంచి ఫోన్ చేసి "ఎమ్మెస్‌కి రారా, ఐ-20 సంగతి నేను చూస్తాను" అన్నాను. "వద్దు మామా" అన్నాడు.

ఇదేదో ఒక పరీక్షతో అయిపోయే వ్యవహారం అనుకోకండి. 2018 ఆగస్టులో మొదటి పరీక్ష. 2019 జనవరిలో రెండోది. లోకో పైలట్ కావాలనుకున్నవాళ్ళకి 2019 మేలో మూడోది, ఆప్టిట్యూడ్ టెస్టు. జ్ఞాపకశక్తి, చెప్పింది చెప్పినట్టు చెయ్యడం, దూరాన్ని అంచనా కట్టడం, ఏకాగ్రత, చూపు చురుకుదనం, ఇలా ఐదు రకాలు. ఐదింటిలోనూ విడివిడిగా 42 స్కోరు రావాలి. నాలుగింటిలో వందలొచ్చి ఒకదాంట్లో 41 వస్తే ఇంటికే. ఆ తర్వాత సర్టిఫికెట్ల తనిఖీ. ఆ తర్వాత మెడికల్.

ఈ మెడికల్ మామూలుది కాదు. ఏ-వన్ అంటారు. రెండు కళ్ళూ కళ్ళజోడు లేకుండా ఆరుకి ఆరు కనపడాలి. రంగులు తేడా లేకుండా తెలియాలి. లేసిక్ చేయించుకున్నవాళ్ళు పనికిరారు. అందులో తప్పితే, పోనీ ఇంకో ఉద్యోగం ఇస్తాం అనే మాట కూడా లేదు. మా అక్క ఆ ఏడాదంతా వాడికి వారానికి మూడుసార్లు పొన్నగంటి కూర వండిపెట్టింది. రాత్రిళ్ళు ఫోను చూస్తే లాక్కునేది. కంటికి పొన్నగంటి ఎంత పనిచేస్తుందో డాక్టర్లు చెప్పాలిగానీ, 2020 జనవరిలో వాడు మెడికల్ పాసయ్యాడు. ప్యానెల్లో పేరొచ్చింది. "బ్యాచ్ పడంగనె ట్రైనింగుకు పిలుస్తరు" అన్నారు. స్వీట్లు పంచారు.

ఇక అక్కడి నుంచి మొదలైంది అసలు ఎదురుచూపు.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ప్యాసింజర్ బళ్ళు ఆగిపోయాయి, ట్రైనింగులు ఆగిపోయాయి. గూడ్సు బళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. బియ్యం, బొగ్గు ఆగితే ఊళ్ళు ఆగిపోతాయి కదా. మావాడు డాబా మీద నిలబడి పోయే గూడ్సుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు. ఉద్యోగం వచ్చినట్టా, రానట్టా? వచ్చిందందామంటే జీతం లేదు. రాలేదందామంటే ఇంకోచోట చేరడానికి లేదు, రేపే లెటరు రావచ్చు. పెళ్ళిసంబంధాల వాళ్ళు "అబ్బాయి ఏం చేస్తాడు?" అంటే అక్క దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నా ఘనకార్యం చెబుతాను. ప్రతి శనివారం రాత్రి, అంటే వాళ్ళకి ఆదివారం పొద్దున, ఫోన్ చేసేవాణ్ణి. చెయ్యగానే మొదటి ప్రశ్న "లెటరొచ్చిందా?" రెండోది "ఎప్పుడొస్తుందంటున్నారు?" మూడోది "వాళ్ళబ్బాయి చూడు, టెక్సస్‌లో సెటిలయ్యాడు." ప్రేమతోనే అడిగేవాణ్ణి సుమండీ. కొన్నాళ్ళకి వాడు ఫోను దగ్గరికి రావడం మానేశాడు. "పండుకున్నడు" అనేది అక్క. పొద్దున పదింటికి పడుకునే పిల్లాడు కాదు వాడు. నాకు అర్థం కాలేదు.

మళ్ళీ వాడంతట వాడు ఫోన్ చేసింది 2020 మే 1న. ఆ రోజు తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి వలస కూలీలతో ఒక బండి బయల్దేరింది. లాక్‌డౌన్‌లో దేశం మొత్తం మీద కదిలిన మొట్టమొదటి శ్రామిక్ స్పెషల్ అదే. సుమారు 1,200 మంది. అప్పటిదాకా నడిచి ఇళ్ళకు పోతున్నవాళ్ళ కథలు టీవీలో చూసి ఏడుస్తున్నాం మనం. "మామా, చూసినవా? ఆ బండి మీద డ్యూటీ పడ్డాయన ఎంత అదృష్టవంతుడో!" అన్నాడు. ఆ గొంతులో నేను చాలా నెలల తర్వాత ఉత్సాహం విన్నాను. నాకు లెటరు రాలేదన్న మాటే ఎత్తలేదు వాడు. నేనూ ఎత్తలేదు, మొదటిసారి.

కానీ బుద్ధి ఊరికే మారదు కదా. ఆ ఏడాది దసరా ముందు అక్క రహస్యంగా ఫోన్ చేసింది. ఎవరో ఒకాయన ఇంటికొచ్చాడట. "పై ఆఫీసుల మనోడున్నడు, 3 లక్షలిస్తే వచ్చే బ్యాచ్‌లనే పేరేపిస్త" అన్నాడట. 3 లక్షలంటే అప్పటి లెక్కన నాలుగు వేల డాలర్లు. "తమ్మీ, నువ్వు సర్దు, మెల్లగ ఇస్త" అంది. నేనేం చేశానో తెలుసా? బ్యాంకు వెబ్‌సైటు తెరిచాను. మీటనొక్కడమే మిగిలింది. ఇన్నాళ్ళూ ఏమీ చెయ్యలేకపోయాను, ఇప్పుడొక దారి దొరికింది అనిపించింది. దూరంగా ఉన్నవాళ్ళకి డబ్బు పంపడం ఒక్కటే చెయ్యగలిగిన పనిలా కనిపిస్తుంది.

ఎందుకో ఒకసారి వాడితో మాట్లాడి పంపుదాం అనిపించి ఫోన్ చేశాను. వాడికసలు ఈ సంగతే తెలియదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"మామా, ప్యానెల్ల నా పేరున్నది. ఉన్న పేరుకు పైసలెందుకు? సిగ్నల్ ఎర్రగుంటె బండి ఆపుకోని నిలబడుడే డ్రైవరు పని. పైసలిచ్చి పచ్చ చేయించుకుంటె రేపు నేను బండేం నడుపుత?"

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. గూడ్సు డ్రైవరు బతుకు సగం నడపడం, సగం నిలబడటం. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే గూడ్సుని లూప్ లైన్లో పెట్టేస్తారు. గంట కావచ్చు, నాలుగు గంటలు కావచ్చు. "అన్ని గంటలు ఏం చేస్తావు నాన్నా?" అని అడిగితే "ఏం చేస్త? సిగ్నల్ చూస్త. బండి నిలబడ్డా అది డ్యూటీయే బిడ్డా" అనేవాడు. ఆ మాట తాత దగ్గర వాడెప్పుడు విన్నాడో నాకు తెలియదు. నేను విని కూడా మర్చిపోయాను.

డబ్బు పంపలేదు. ఆ పెద్దమనిషి మళ్ళీ కనిపించలేదు.

తర్వాత 2022 డిసెంబరులో ఒక వార్త వచ్చింది, మీలో చాలామంది చదివే ఉంటారు. తమిళనాడు కుర్రాళ్ళు 28 మందిని రైల్వే ఉద్యోగాలిప్పిస్తామని మోసగాళ్ళు ఢిల్లీ తీసుకెళ్ళారు. అందరి దగ్గరా కలిపి 2 కోట్ల 67 లక్షలు గుంజారు. "ఇదే మీ ట్రైనింగు" అని న్యూఢిల్లీ స్టేషన్లో నెలరోజులు, రోజుకి ఎనిమిది గంటలు, వచ్చే పోయే రైళ్ళనీ బోగీలనీ లెక్కపెట్టించారు! ఆ పిల్లలు నిజంగానే ట్రైనింగు అనుకుని లెక్కపెట్టారు. అది చదివి నేను నవ్వలేకపోయాను. మా డాబా మీద గూడ్సులు లెక్కపెట్టుకున్న పిల్లాడు గుర్తొచ్చాడు. వాళ్ళ తల్లిదండ్రులు ఎవరిని అప్పు అడిగారో, ఏ దూరదేశంలో ఏ మామయ్య మీట నొక్కాడో!

మావాడికి 2021 మొదట్లో లెటరు వచ్చింది. మౌలాలిలో ట్రైనింగు. ఆదివారం ఫోన్లో గంటసేపు అదే కబురు. ఒక పసుపు లైటుంటే తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడాలి, రెండు పసుపులుంటే వేగం తగ్గించుకుని రావాలి. లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ సిగ్నల్ చూసి ఒకరికొకరు గట్టిగా చెప్పుకోవాలి. ఇంజిన్లో ఒక యంత్రం ఉంటుందట. నిమిషం పాటు డ్రైవరు చెయ్యి దేని మీదా కదలకపోతే హెచ్చరిస్తుంది, అప్పటికీ పలక్కపోతే బ్రేకు తానే వేసేస్తుంది. "నిద్రపోనియ్యదు మామా, అమ్మ లెక్క" అన్నాడు.

ఇక్కడ అమెరికాలో కూడా ఇంజనీరు కావాలంటే సాధారణంగా ముందు కండక్టరుగా చేరాలి, తన వంతు వచ్చాక డ్రైవింగు ట్రైనింగు, 1991 నుంచి ఫెడరల్ సర్టిఫికెట్టు కూడా. చేరాక ఫోను పక్కన పెట్టుకుని కాల్ కోసం చూడాల్సిందే. కాల్ బాయ్ అన్ని దేశాల్లోనూ ఉన్నాడన్నమాట, సైకిలే లేదు.

చివరగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఎదురుచూడటం గురించి మనకి ఒకరు చెప్పాలా? ప్రతి నెలా వీసా బులెటిన్ తెరిచి మన తేదీ ఎంత జరిగిందో చూసుకునేవాళ్ళం మనం. ఒక్కోసారి ముందుకి జరగాల్సింది వెనక్కిపోతుంది కూడా. ఆ రోజుల్లో ఇండియా నుంచి ఎవరైనా "గ్రీన్‌కార్డు వచ్చిందా? వాళ్ళకొచ్చిందే, నీకెందుకు రాలేదు?" అంటే ఎంత మండేది! సరిగ్గా ఆ ప్రశ్ననే నేను ఏడాదిపాటు, ప్రతి శనివారం, ఒక పాతికేళ్ళ పిల్లాణ్ణి అడిగాను.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పిల్లలుంటారు. గ్రూప్స్ ఫలితాల కోసమో, టీచరు పోస్టింగు కోసమో, రైల్వే లెటరు కోసమో చూస్తూ ఉంటారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "వచ్చిందా?" అని అడక్కండి. వస్తే వాళ్ళే చెబుతారు, మీకంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది. "ఏం తిన్నావు? ఏం చూశావు?" అని అడగండి. డబ్బులిస్తే పనవుతుందని ఎవరైనా అంటే పంపేముందు ఆ పిల్లల్నే ఒక్కమాట అడగండి.

మావాడిప్పుడు గూడ్సు బళ్ళ మీద పోతున్నాడు. మొన్న ఫోన్ చేస్తే ఎత్తాడు. "ఎక్కడున్నావురా?" అన్నాను. "లూప్ లైన్ల పెట్టిండ్రు మామా, రెండు గంటలాయె" అన్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"డ్యూటీ" అన్నాడు. డ్యూటీలో ఫోను మాట్లాడకూడదని గుర్తొచ్చిందేమో, ఠక్కున పెట్టేశాడు.

మళ్ళీ ఎప్పుడైనా పిలిస్తే వస్తాను. పిలిచేదాకా ఎదురుచూస్తాను. శెలవు.