స్టాప్‌వాచ్ ఎవరి చేతిలో ఉంది?

మిత్రులారా, ఇంజనీరువి కదా, రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మన ఉప్పలగుప్తం రోడ్డు మీద ఎప్పుడూ కనబడని స్పోర్ట్స్ కార్ల సంగతి చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ అని, 20 కిలోమీటర్లు దాటిన పాత రేసు ట్రాక్ ఉంది. 2008లో నిస్సాన్ కంపెనీ తన జీటీ-ఆర్ కారు దాన్ని 7 నిమిషాల 29 సెకన్లలో చుట్టిందని ప్రకటించింది. పోర్షే వాళ్లు నమ్మలేదు. అదే కారు తామే కొని తోలిస్తే 7 నిమిషాల 54 సెకన్లు పట్టిందన్నారు. పాతిక సెకన్ల తేడా! టైర్లు, వాతావరణం, డ్రైవరుకు ఆ కారు మీదున్న అలవాటు, ఏది మారినా అంకె మారుతుంది. పైగా ఎవరి గడియారం వాళ్లదే.

2019లో ట్రాక్ వాళ్లు పూర్తి చుట్టు 20.832 కిలోమీటర్లే లెక్క అన్నారు. అంతకుముందు కంపెనీలు 20.6తో సరిపెట్టేవి. 2021లో పోర్షే 911 జీటీ2 ఆర్‌ఎస్ ఒకే పరుగుకు రెండు అంకెలు వచ్చాయి: కొత్త లెక్కలో 6 నిమిషాల 43.3 సెకన్లు, పాత లెక్కలో 6 నిమిషాల 38.8. రెండూ నిజమే!

నవ్వకండి, నేనూ ఆ పని చేసినవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పంపు ఎంత నీరు తోడుతుందో నిండు వోల్టేజీలో కొలిచి బ్రోషరుకిచ్చాను. మన వైపు రొయ్యల రైతు ఒకాయన ఫోన్ చేసి, “సాయంత్రం కరెంటులో అందులో సగం కూడా రావట్లేదండి, మీరెక్కడ కొలిచారండి?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి బ్రోషరులో అంకె పక్కనే వోల్టేజీ కూడా వేయమన్నాను. అమ్మకాల వాళ్లతో వారం రోజులు వాదన. చివరకు వేశారు, చిన్న అక్షరాల్లో.