తాత కాగితం ఎవరు చదువుతారు?
(వరంగల్లులో జరిగిన పాఠకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



భాషను కాపాడుకోవడం అనగానే మనకు ముషాయిరాలు, గజళ్ళు స్ఫురిస్తాయి. మేము మాత్రం కాగితాలతో మొదలుపెడతాము. గుమస్తాగిరీ చేసినవారం, ఆ అలవాటు పోలేదు. నిజాం కాలపు సేత్వార్లు, ఇనాములకూ వక్ఫు ఆస్తులకూ ఇచ్చిన మున్తఖబులు చాలావరకు ఉర్దూలోనే ఉన్నాయి. మేము కొలువులో చేరిన నాటికి వాటిని గడగడా చదివే వృద్ధ గుమస్తాలుండేవారు. వారు ఒక్కొక్కరే పింఛనుపై వెళ్ళిపోయారు. తరువాత, తాత పేరున్న కాగితాన్ని చేతబట్టుకొని, అందులో ఏమున్నదో చదివిపెట్టేవారి కోసం తిరిగినవారిని మేము చూచాము. భూమి తమదే, కాగితమూ తమదే. అక్షరం మాత్రం తమది కాకుండా పోయింది.

నేడు మన పిల్లలు ఇంట్లో దక్కనీ మాట్లాడుతారు, బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువుతారు. ఉర్దూ లిపి చాలామందికి రాదు. పైగా మన 'నక్కో', 'కైకు' సినిమాలలో నవ్వించడానికే పనికివచ్చే మాటలైపోయాయి. కానీ ముల్లా వజ్హీ గోల్కొండలో 'సబ్‌రస్' అనే వచన గ్రంథాన్ని వ్రాసింది ఈ దక్కనీలోనే, 1635లో.

ఆ పేరునే హైదరాబాదులో ఒక మాసపత్రికకు పెట్టారు. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో ఇదారె అదబియాతె ఉర్దూను స్థాపించారు. 1938లో 'సబ్‌రస్' పత్రిక వెలువడింది. నాడు ఉర్దూ రాజ్యభాష, దానికి ఆపద వస్తుందని ఎవరనుకుంటారు? అయినా జోర్ గారు పాత వ్రాతప్రతులను సేకరించారు, కులీ కుతుబ్‌షా కవిత్వాన్ని పరిష్కరించి అచ్చువేయించారు. ఇదారా తరఫున సామాన్యులకు ఉర్దూ పరీక్షలు కూడా జరిగేవి. మా దృష్టిలో ఆ పరీక్షలే పెద్ద పని. చదివేవారిని తయారుచేయకుండా పత్రికను మాత్రమే నడిపితే, అది పాఠకులతోపాటే వృద్ధాప్యానికి చేరుతుంది.

ఇటువంటి కథే మరొక జాతిలోనూ జరిగింది. తూర్పు ఐరోపా నుండి అమెరికాకు వలసపోయిన యూదుల ఇంటి భాష యిడ్డిష్. మూలం జర్మానిక్, లిపి హీబ్రూ. దానినీ చాలాకాలం మోటు యాసగానే చూచారు. 1897లో న్యూయార్కులో 'ఫోర్వర్ట్స్' అనే యిడ్డిష్ పత్రిక పుట్టింది. 1906 నుండి పాఠకుల ఉత్తరాలకు అందులో ఒక శీర్షిక నడిచింది. బట్టల కార్ఖానాలో కూలి తగాదా, పెండ్లి చిక్కు, ఊరిలో వదిలివచ్చిన తల్లి మీద బెంగ, ఇవన్నీ ఇంటి మాటల్లోనే అచ్చయ్యాయి. ఆ పత్రికలోనే వ్రాసిన ఐజాక్ బషెవిస్ సింగర్‌కు 1978లో నోబెల్ వచ్చింది. అయినా 2019లో యిడ్డిష్ అచ్చు సంచిక ఆగిపోయి, అంతర్జాలానికే పరిమితమైంది. పిల్లలు ఇంగ్లీషుకు మారిన తరువాత నోబెల్ కూడా చందాదారులను తెచ్చిపెట్టలేదు.

మనకు చట్టం లేదా? ఉన్నది. రాజ్యాంగం 29వ అధికరణం భాషనూ లిపినీ కాపాడుకునే హక్కు ఇచ్చింది. 350-ఎ ప్రకారం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలి. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండవ అధికార భాషగా చేశారు. కచేరీ గుమ్మంపై ఉర్దూ బోర్డు ఉండాలి, ఉండవలసిందే. దాన్ని మన పిల్లవాడు చదవగలడా?

అందుచేత మా ప్రతిపాదన ఇది. మన తెలుగు మాసపత్రికలో ప్రతి నెలా రెండు పేజీలు దక్కనీకి ఇవ్వాలి. నానీల కథలు, ఢోలక్ పాటలు, పొడుపుకథలు ఒకవైపు ఉర్దూ లిపిలో, ఎదురుగా తెలుగు లిపిలో రావాలి. తెలుగు లిపిలో వేస్తే ఉర్దూ లిపి పూర్తిగా పోతుందని కొందరు పెద్దలు మాతో అన్నారు. వారి భయం అకారణం కాదు, అందుకే రెండూ పక్కపక్కన ఉండాలంటున్నాము. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' సంకలనాలతో మన రచయితలు మన ఇళ్ళలోని మాటలను తెలుగు అక్షరాల్లోకి తెచ్చారు. అప్పుడు మన భాషకు నష్టమేమీ జరగలేదు.

ఇళ్ళలో పాత ఉర్దూ పత్రికలుంటే కబాడీకి వేయకండి, మాకు కబురు చేయండి. మొదటి సంచిక కోసం మా అమ్మ చెప్పిన పొడుపుకథలు నాలుగు తెలుగు లిపిలో వ్రాసి ఉంచాము. ఉర్దూలో వ్రాసిపెట్టే దస్తూరీ మంచివారు ఈ సభలో ఎవరైనా ఉంటే, దయచేసి పేరు ఇచ్చి వెళ్ళగలరు.