నీటిబరువుతో గగనయానము



ఇంజను లేని విమానమును గ్లైడరందురు. అది గాలిలో సదా క్రిందికి జారుచునే యుండును. తాను జారుటకన్న వేగముగా గాలి పైకి లేచుచోట మాత్రము తానును పైకి పోవును. అట్టి దాని రెక్కలలో బుద్ధిపూర్వకముగా నీరు నింపుదురనిన, మునుగువాని మెడకు రాయి కట్టినట్లున్నదే యని మీకు తోపవచ్చును. కావ్యపాఠములు చెప్పి విశ్రాంతి గొన్న నేను లెక్కలోనికి దిగుట చూచి నవ్వకుడు. ఈ మర్మము లెక్కలోనే యున్నది.

350 కిలోల గ్లైడరొకటి గంటకు 100 కిలోమీటర్ల వేగమున, ఒక కిలోమీటరు ఎత్తు దిగులోపల 40 కిలోమీటర్ల దూరము పోవుననుకొనుడు. దానిలో 154 లీటర్ల నీరు నింపిన బరువు 504 కిలోలు, అనగా 1.44 రెట్లగును. వేగము బరువుయొక్క వర్గమూలము ననుసరించును గావున, అది 1.2 రెట్లు పెరుగును. ఆ 40 కిలోమీటర్లే యిపుడు 120 వేగమున సాగును. దూరము తగ్గలేదు, కాలము కలిసివచ్చినది. పందెములలో నీటిని మోయుట యిందులకే.

ఈ లాభమునకు వెల గలదు. క్రిందికి జారు వేగమును 1.2 రెట్లగును, కావున పైకి లేచు గాలి బలహీనమైన దినమున నీరు భారమే. ఇంతకు తగ్గిన రెక్క మోయజాలదను కనిష్ఠవేగము 70 నుండి 84కు పెరుగును. తేలిక విమానపు టలవాటుతో నిండురెక్కలను దింపబోయినవాడు నేలకు దాపుననే కూలును. నేలను తాకునపుడు చక్రము భరింపవలసిన శక్తియు రెండింతలకు మించును. కనుక దిగుటకు చాల ముందే నీరు వదలవలెను. తొట్లు ఖాళీయగుటకు కొన్ని నిమిషములు పట్టును.

వదలునపుడు రెండు రెక్కలనుండియు ధార సమముగా పడుచున్నదా యని చూడవలెను. మిక్కిలి యెత్తున చలికి నీరు గడ్డకట్టి కవాటమును బంధింపవచ్చును. ఒకరెక్క బరువైనచో, వేగము తగ్గినతోడనే విమానము ఆ ప్రక్కకు వాలి గిరగిర తిరుగుచు పడగలదు. అట్టియెడ రెండవ ధారనుగూడ ఆపి, వేగము హెచ్చుగా నుంచి దిగుట మేలు. తోకలోని నీరు మిగిలిపోవుట మరింత అపాయము. గిరగిర తిరుగుట మొదలైన, దానినుండి బయటపడుట కష్టమగును. నిండుకుండ తొణకదని మన పెద్దలనిరి. సగము నిండిన తొట్టిలో నీరు వాలిన రెక్కకొనకు పరుగిడును. అందుచే బయలుదేరునపుడు రెక్కలను సమముగా పట్టవలెను.

ఇక అతివేగము. వేగమాపకముపై ఎఱ్ఱగీత పరమావధి. కాని ఎత్తున ఆ మాపకము తక్కువ చూపును. 6,000 మీటర్ల యెత్తున గాలి సాంద్రత నేలమీది దానిలో సగమునకు కొంచెమే హెచ్చు. అచ్చట ముల్లు 200 చూపిన, నిజవేగము సుమారు 270. నిజవేగము మితి మీరెనా, రెక్కలును తోకయు తమంత తామే కంపించి క్షణములలో విరిగిపోగలవు. అందుచే ఎత్తు పెరిగినకొలది ఆ యవధిని తగ్గించి చూపు పట్టిక యొకటి యుండును. పసుపుపచ్చ గీత గల వేగములు నెమ్మదియైన గాలికే తగును. ఎఱ్ఱగీత దాపున చుక్కానులను మూడవవంతుకన్న మించి కదల్పరాదు.

1896లో జర్మనీలో ఆటో లిలియంతాలు తన గ్లైడరుతో కూలి, మరునాడు మరణించెను. ఆ మహనీయునికి హెచ్చరిక చెప్పు పుస్తకము లేకుండెను. నేటి వైమానికుని చేత నది యున్నది. నా లెక్కలు ఉదాహరణములు మాత్రమే. ఏ విమానమునకు దాని పుస్తకమే ప్రమాణము. నేలమీద నున్నప్పుడే దానిని చదువుడు. ఆకాశమున తీరిక దొరకదు.