బూస్టరు వేసుకున్నా జ్వరం వచ్చిందే!
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన అనంతపురంలో నేటికీ వినిపించే మాట ఒకటుంది. "మూడో డోసు వేసుకున్నా కరోనా వచ్చింది కదా, ఇక దానివల్ల ఏం లాభం?" అని. దీనికి నా అనుభవం మనవి చేస్తాను.

60 ఏళ్లు దాటినవారికి టీకాలు 2021 మార్చి 1న మొదలయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో రెండో విడత విజృంభించేసరికి మనలో చాలామందికి రెండు డోసులూ పూర్తికాలేదు. ఆక్సిజన్ పడకల కోసం పడిన అగచాట్లు, పోగొట్టుకున్న మిత్రులు ఎవరికీ మరపురారు.

2022 జనవరి 10న ప్రికాషన్ డోసు ప్రారంభమైంది. మొదట దీర్ఘవ్యాధులున్న వృద్ధులకు, మార్చి 16 నుంచి 60 దాటిన అందరికీ ఇచ్చారు. నేనూ, నా శ్రీమతీ వేసుకున్నాం. ఆ జూలైలో ఇద్దరికీ కరోనా సోకింది. మూడు రోజులు జ్వరం, వారం రోజులు నీరసం. షుగరున్న ఆమె కూడా ఇంట్లోనే కోలుకుంది.

టీకావల్ల పుట్టిన యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ, వేసవిలో మన బోర్లలో నీళ్లలాగా తగ్గుతాయి. అందుకే వైరస్ మళ్లీ సోకవచ్చు. అయినా శరీరం దాన్ని గుర్తుపెట్టుకుని, జబ్బు ముదరకముందే ఎదుర్కొంటుంది. బూస్టరు ఆ జ్ఞాపకాన్ని పదును పెడుతుంది.

ఒక్క ఇంటి అనుభవం రుజువు కాదు; కానీ అనేక దేశాల పరిశీలనలూ ఇదే చెప్పాయి. కనుక జ్వరం వచ్చిందా అని కాక, ప్రాణం నిలిచిందా అని లెక్క చూసుకుందాం. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా మీ డాక్టరుగారిని అడగండి.