ఇంటి పలుకు, సంత పలుకు: యూనిక్స్ షెల్లుల సంగతి

(మన సంఘపు వారపు సమావేశమున యువజనులను ఉద్దేశించి చేయబడిన ప్రసంగ పాఠము)

 

మన కుటుంబములలోని యువతీయువకులు పలువురు నేడు కంప్యూటరు వృత్తిలో నున్నారు. వారు వాడు లినక్స్, మాక్ యంత్రములు యూనిక్స్ వంశమునకు చెందినవి. మనము టైపు చేసిన ఆజ్ఞను అందుకొని, దాని యర్థము గ్రహించి, పని చేయించు ప్రోగ్రామునకు ఆ యంత్రములలో షెల్ అని పేరు. లోపలి పప్పును కప్పియుండు పెంకు వంటిది గనుక దానికా పేరు వచ్చినది. నేడు నేను రెండు సంగతులు మాత్రమే మనవి చేయుదును. షెల్లులన్నియు ఒకే భాష మాటలాడవు, అది మొదటిది. షెల్ మేలుకొనునప్పుడు ఏ ఫైలును చదువునో తెలిసియుండవలెను; అది రెండవది.

బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ వ్రాసిన మొదటి షెల్ 1971లో వెలువడినది. 1979లో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ యూనిక్స్ ఏడవ కూర్పుతో వచ్చి, తరువాతి వానిలో పెక్కింటికి ఒరవడి యైనది. బర్క్‌లీలో బిల్ జాయ్ వ్రాసిన సీ షెల్ వేరొక బాణీ పట్టినది. 1989లో బ్రయన్ ఫాక్స్ వ్రాసిన బాష్, 1990లో పాల్ ఫాల్‌స్టాడ్ వ్రాసిన జెడ్-షెల్ బయలుదేరినవి. ఇన్ని పలుకుబళ్ళు పెరుగగా, అందరికిని సమ్మతమగు ఉమ్మడి వ్యాకరణమును పోసిక్స్ ప్రమాణము 1992లో స్థిరపరచినది.

ఈ సంగతి మనకు క్రొత్త కాదు. హోసూరు తెలుగింటి పలుకు వేరు, బరంపురము తెలుగింటి పలుకు వేరు. ఇంట ఇంటి పలుకు ముద్దే; కాని సంతకు పోయినప్పుడు పదిమందికి తెలిసిన మాటయే వాడుదుము గదా! బాష్, జెడ్-షెల్ ఇంటి పలుకులు. ఎస్‌హెచ్ అను పేరుతో పిలువబడు షెల్ సంత పలుకు.

ఈ భేదమును మరచినచో ఏమగునో చూడుడు. ఉబుంటు వారు 2006లో, తమ 6.10 కూర్పున, ఎస్‌హెచ్ అను పేరును బాష్ నుండి తీసి డాష్ అను చిన్న షెల్‌కు అప్పగించిరి. డాష్ తేలికయైనది, యంత్రము లేచునప్పుడు నడచు స్క్రిప్టులు దానితో వేగముగ సాగును. డెబియన్ వారు 2011లో అదే మార్గము పట్టిరి. అంతట, మొదటి పంక్తిలో ఎస్‌హెచ్ అని చెప్పుకొని, లోపల బాష్ పలుకులు వాడిన స్క్రిప్టులు చెడినవి.

ఒక సంఘ కార్యాలయమున సభ్యుల పట్టికకు రాత్రివేళ నకలు తీయు స్క్రిప్టు కలదనుకొందము. అందు షరతును రెండేసి చదరపు బ్రాకెట్ల నడుమ వ్రాసిరి. అది బాష్ పలుకు. డాష్ దానిని ఆజ్ఞ పేరని తలచి, అట్టి ఆజ్ఞ లేదని ఒక పంక్తి పలికి, షరతు నెరవేరలేదని యెంచి, నకలు తీయు పని దాటి ముందుకు పోవును. స్క్రిప్టు మాత్రము సుఖముగ ముగిసినట్లే కనబడును! డిస్కు చెడిన దినముననే నకలు లేదని తెలియును. నోరెత్తి ఆగిపోవు తప్పుకంటె ఇట్టి మౌనపు తప్పు ప్రమాదకరము.

ఇక రెండవ సంగతి. బాష్ లాగిన్ షెల్‌గా మేలుకొన్నచో మొదట యంత్రమంతటికి ఉమ్మడియగు ప్రొఫైల్ ఫైలును చదువును. పిమ్మట మన ఇంటి డైరెక్టరీలో డాట్ బాష్-ప్రొఫైల్, డాట్ బాష్-లాగిన్, డాట్ ప్రొఫైల్ అను మూడింటిని వరుసగ వెదకి, మొదట దొరకిన దానిని మాత్రమే చదువును. లాగిన్ కాక ఉత్త టెర్మినల్ తెరచినచో డాట్ బాష్-ఆర్‌సీ చదువును. తేదీలు, నెలల పేర్లు తెలుగున కనబడుటకై ఒకరు లాంగ్ అను చలరాశిని డాట్ ప్రొఫైల్‌లో తెలుగునకు అమర్చిరనుకొనుడు. తరువాత ఏదో యొక ప్రోగ్రాము డాట్ బాష్-ప్రొఫైల్‌ను సృష్టించినచో, పాత ఫైలు చెక్కు చెదరకయే యుండును గాని బాష్ దానిని చదువదు. క్రొత్త ఫైలులో పాతదానిని చదువుమని ఒక పంక్తి చేర్చుటయే దీనికి మందు.

ఆపిల్ వారు 2019లో, మాక్ కేటలీనా కూర్పునుండి, క్రొత్త వాడుకరులకు జెడ్-షెల్‌ను నియమించిరి. అది బాష్ ఫైలులను చదువదు. డాట్ జెడ్‌షెన్వ్, డాట్ జెడ్-ప్రొఫైల్, డాట్ జెడ్‌ష్-ఆర్‌సీ అను తన ఫైలులనే చదువును. నిర్ణీత వేళకు పనులు నడపు క్రాన్ వీనిలో దేనిని చదువదు. మాటాడకున్న ఎస్‌హెచ్‌నే పిలుచును. కావున పగలు మన చేతిలో నడచిన స్క్రిప్టు రాత్రి తనంతట నడువకపోవచ్చును.

యువజనులకు నా మనవి యిది. బాష్ పలుకు వాడినచో మొదటి పంక్తిలో బాష్ అనియే వ్రాయుడు. ఎస్‌హెచ్ అని వ్రాసినచో ఉమ్మడి వ్యాకరణము దాటకుడు. డాష్‌తో ఒకసారి నడపి చూడుడు. చలరాశులను డాట్ ప్రొఫైల్‌లోను, టెర్మినల్ సౌకర్యములను ఆర్‌సీ ఫైలులోను ఉంచుడు. క్రాన్‌కు కావలసినదంతయు స్క్రిప్టులోనే చెప్పుడు. నకలు తీసిన పిమ్మట నకలు నిజముగ నున్నదా యని కన్నులార చూచుకొనుడు.