ముప్పై మూడేళ్ల తరవాత కడిగిన ఫిల్ము

 మా మాష్టారి శిష్యులూ, కుటుంబమూ కూర్చున్న ఈ సభలో నాకు నలభై నిమిషాలు ఇచ్చారు. మాష్టారైతే అంతసేపూ ఒక్క నెగెటివ్ మీదే మాట్లాడేవారు. ఆ జబ్బు నాకూ అంటుకుంది. ముందే చెబుతున్నాను.

ధ్రువయాత్రలకీ కెమెరాకీ పొత్తు పాతదే. 1845లో ఫ్రాంక్లిన్ ఓడలు ఇంగ్లండ్ వదిలేముందు అధికారులకు డాగెరోటైపు ఫొటోలు తీశారు. మంచులోకి వెళ్లిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ తరవాత యాభై ఏళ్లపాటు ఓడ ముందు బిగుసుకుని నిలబడ్డ గడ్డాలవాళ్ల బొమ్మలే ఎక్కువ. దాటేస్తున్నాను.

1897 జూలై 11న ఆంద్రే, ఫ్రెంకెల్, స్ట్రిండ్‌బెర్గ్ అనే ముగ్గురు స్వీడన్‌వాళ్లు స్వాల్‌బార్డ్ దగ్గర డేన్స్ ద్వీపం నుంచి బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరారు. మూడు రోజులకే మంచు మీద కూలబడ్డారు. ఇంతవరకూ మీకు తెలిసిందే. నన్ను పట్టుకున్నది స్ట్రిండ్‌బెర్గ్ కెమెరా. ఏడు కిలోల బరువు. పైనుంచి నేలను తీసి పటాలు గీయడానికి తెచ్చుకున్నది. బెలూన్ పడ్డాక ఆ పని లేదు. పారేయొచ్చు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు పారేయలేదు. బండి లాగుతూ, తడుస్తూ, దాదాపు మూడు నెలల్లో రెండు వందల దాకా బొమ్మలు తీశాడు.

కూలిన బెలూన్ బొమ్మ మీరంతా చూసే ఉంటారు. పక్కకి ఒరిగిన పెద్ద గుడ్డముద్ద, దాని దగ్గర చిన్నగా ఇద్దరు మనుషులు. అంతా ఫ్రేములో పట్టాలంటే బరువు మోసుకుని వెనక్కి నడవాలి. కొలత తెలియడానికి పక్కన మనిషి ఉండాలని సర్వేవాళ్లకి తెలుసు. ఆ కుర్రాడు అక్కడ విషాదాన్ని తీయలేదు, సర్వే చేస్తున్నాడు. ఇది నా అభిప్రాయం, ఆరేళ్లు ఆ బొమ్మలు చూసి ఏర్పరచుకున్నది.

1930 ఆగస్టులో బ్రాట్‌వాగ్ అనే నార్వే ఓడ వాళ్లకి క్విటోయా దీవిలో శవాలు దొరికాయి. ఫిల్ములూ ఆ దీవిలోనే దొరికాయి. స్టాక్‌హోమ్‌లో హెర్ట్స్‌బెర్గ్ అనే అధ్యాపకుడు వాటిని కడిగాడు. 240 ఫ్రేములకు సరిపడే ఫిల్ములో 93 బొమ్మలు దక్కాయి. వాళ్లని చంపిన చలే ఫిల్మును కాపాడిందని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. మరి మిగతావాటి మాటేమిటి? ముప్పై మూడేళ్ల చెమ్మ తిన్నవాటిని లెక్కలోంచి తీసేస్తే మాట అందంగా ఉంటుంది, అంతే.

ఇక వైద్యులతో నా పేచీ. 1952లో ట్రైడ్ అనే డేనిష్ వైద్యుడు, సరిగా ఉడకని ఎలుగుబంటి మాంసంలోని ట్రైకినెల్లా పురుగు వల్లే పోయారన్నాడు. కాదు, డేరాలో స్టవ్ పొగ అన్నారు మరికొందరు. కాదు, చలి. కాదు, ఎలుగుబంటే. ఒక్కొక్కరూ ఆ 93 బొమ్మల్లోంచి తమకి పనికొచ్చేది ఏరుకుంటారు. చంపిన ఎలుగుబంటి పక్కన నిలబడ్డ బొమ్మ ట్రైడ్ పక్షానికి పోస్టుమార్టం కాగితం! అయ్యా, అందులో పురుగు కనబడదు. తుపాకీ కనబడుతుంది, మనుషులు కనబడతారు, ఆ రోజుకి తిండి దొరికిందన్న సంగతి కనబడుతుంది. ఈ మాటే ఒక సభలో అంటే ఓ డాక్టరుగారు నాతో మాట్లాడటం మానేశారు. నేను మాత్రం మానలేదు, ఇదిగో ఇప్పుడు కూడా...

చీటీ వచ్చింది. పది నిమిషాలట.

స్కాట్ సంగతి కొత్తగా చెప్పేదేముంది! 1912 జనవరి 18న దక్షిణ ధ్రువం దగ్గర స్కాట్ జట్టు ఐదుగురూ ఒకే బొమ్మలో ఉన్నారంటే, వాళ్లలో ఒకడైన బవర్స్ కెమెరాకి కట్టిన తాడు లాగబట్టి. నవంబరులో ఆ ఫిల్ము శవాల దగ్గర దొరికింది. ఆ యాత్ర ఫొటోగ్రాఫరు పాంటింగ్ గురించి రాసుకొచ్చిన నాలుగు పేజీలు మడిచేస్తున్నాను.

ఇక హర్లీ, షాకిల్టన్ యాత్ర ఫొటోగ్రాఫరు. 1915 నవంబరులో మునుగుతున్న ఎండ్యూరెన్స్ ఓడలోకి దిగి, గడ్డకట్టే నీళ్లలోంచి గాజు పలకలు తీశాడు. షాకిల్టన్, తనూ కూర్చుని ఏరి నూట ఇరవై దాకా ఉంచుకుని నాలుగు వందలు పగలగొట్టారు. మళ్లీ బుద్ధి మారకుండా! అంత ప్రాణం పెట్టినవాడే, 1916 ఏప్రిల్‌లో సహాయం కోసం పడవ బయల్దేరుతున్న బొమ్మని మార్చి, ఆగస్టులో జరిగిన రక్షణ అని చూపించాడు. నెగెటివ్ అంచు కూడా కత్తిరించనివ్వని మాష్టారు హర్లీని అబద్ధాలకోరు అనేవారు. నాలుగు వందలు పగలగొట్టినవాడికి ఒక్కటి అతికించుకునే హక్కు ఉండదా అని నేను. ఈ విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు.