పాత కారు – నూనె – పూచీ కాగితము

నేడు మన పట్టణములలో కారు కొనువారు అనేకులు ఇంకొకరు నడిపి విడిచిన కారునే కొనుచున్నారు. అందులో చిన్నతన మేమియు లేదు. మేమును నంద్యాలలో ఒక నాలుగేండ్ల పెట్రోలు కారు కొని ఆళ్లగడ్డకు తెచ్చుకొంటిమి. అమ్మినవారు ఇంజనునకు ఒక సంవత్సరము వారంటీ వ్రాసి యిచ్చిరి. ఆ పూచీ కాగితమును బీరువాలో భద్రముగా దాచితిమి. చదువలేదు.

ఆరు నెలలకు ఇంజను నూనె మార్చవలసి వచ్చినది. నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. ఇంత మాత్రమునకు ఒక దినము పోగొట్టుకొననేల యని మా వీథి చివరి షెడ్డుకు పోతిమి. అచ్చటి మెకానిక్కు పెద్దవాడు, అంబాసిడరు కాలమునుండి పని యెరిగినవాడు. కారు పుస్తకములో 0డబ్ల్యు-20 అని యున్నదని చెప్పగా నవ్వి, "ఈ ఎండలకు నీళ్లమాదిరి నూనె నిలుస్తాదా సామీ? చిక్కటిది పోసుకోండి" అనెను. 20డబ్ల్యు-50 పోయించితిమి. రసీదు మేము అడుగలేదు, ఆయన ఇయ్యలేదు.

ఆయన మాట అబద్ధము కాదు. దాని కాలము గడచినది. డబ్బాపై 'డబ్ల్యు'కు ముందున్న అంకె చలిలో నూనె పారు తీరును తెలుపును. అంకె తగ్గినకొలది నూనె త్వరగా పారును. వెనుకనున్న అంకె 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనమును తెలుపును. ఆముదమును, వేరుశనగ నూనెను ఒకే గరాటున పోసి చూచినవారికి ఈ భేదము చెప్పనక్కరలేదు. పాత ఇంజనులలో సందులు వెడల్పు. చిక్కని నూనె వానికి తగినది. నేటి ఇంజనులలో సందులు సన్నము, నూనె ఒత్తిడితోనే కదలు భాగములు కొన్ని కలవు. తెల్లవారుజామున కారు కదలింపగానే చిక్కని నూనె పైభాగమునకు ఆలస్యముగా చేరును. ఇక ఎండ మాట. నంద్యాలలో వేసవి 40 డిగ్రీలు దాటుట నిజమే. కాని ఇంజనులోని నూనె ఏ ఊరనైనను అంతకు రెట్టింపునకు మించిన వేడిలోనే పనిచేయును. వాతావరణమునుబట్టి ఏ అంకె వాడవచ్చునో కొన్ని కార్ల పుస్తకములలోనే పట్టిక యుండును. దానిని మించి ఊహ పనికిరాదు.

కొన్ని నెలలకు ఉదయమున టైమింగు చైను గలగల మొదలైనది. పూచీ యిచ్చినవారు రెండే ప్రశ్నలు వేసిరి: ఏ నూనె పోసితిరి? రసీదు ఏది? నూనెవలననే చెడెనని వారు నిరూపింపలేదు. కాదని చూపుటకు మా చేత కాగితము లేదు. మరమ్మతునకు రెండు నెలల జీతము పోయినది. ఆ రాత్రి కాగితము చదివితిమి. పుస్తకములో చెప్పిన నూనెయే వాడవలెననియు, రసీదులు చూపవలెననియు రెండవ పుటలోనే యున్నది.

పూచీలు రెండు విధములు. కారు చేసిన కంపెనీ పూచీ గడువు మిగిలియున్నచో చాల కంపెనీలలో అది కొన్నవారికి సంక్రమించును. అమ్మినవారు ఇచ్చునది వేరు. దాని షరతులు ఆ కాగితమునందే చూచుకొనవలెను. కంపెనీ పూచీ విషయమున 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషను 14 కార్ల కంపెనీలపై తీర్పు చెప్పుచు, బయటి షెడ్డులో బాగుచేయించిన మాత్రమున పూచీ మొత్తము రద్దనరాదనియు, అచ్చటి పనిలోపమువలన కలిగిన నష్టమునకే దానిని నిరాకరింపవచ్చుననియు ఆదేశించినది. తీర్పుపై అప్పీళ్లు నడచినవి. ఏమైనను, తప్పు నూనెకు ఈ మాట రక్ష కాదు.

నూనె ఏ కంపెనీదని మిక్కిలి చింతింపనక్కరలేదు. అంకెతోపాటు పుస్తకములోని ఏ.పి.ఐ. లేక ఏ.సి.ఇ.ఏ. గుర్తు డబ్బాపై నుండవలెను. ఏ.పి.ఐ. గుర్తులలో 'ఎస్' పెట్రోలునకు, 'సి' డీజిలునకు. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన భారత్ స్టేజ్ 6 డీజిలు కార్లలో పొగమసిని పట్టు జల్లెడ గలవానికి బూడిద తక్కువగు నూనె పోయనిచో ఆ జల్లెడ మూసికొనును. దాని వెల ఇంజను నూనెతో పోల్చదగినది కాదు. గడువు కిలోమీటర్లలోనో నెలలలోనో ఏది ముందైన అదియే. పొలముల దుమ్ములో తిరుగు బండికి గడువును తగ్గింపుమని చాల పుస్తకములు చెప్పును.

ఇప్పుడును మేము ఆ పెద్దాయన షెడ్డుకే పోవుచున్నాము. సీలు తీయని డబ్బా మేమే కొనిపోదుము. ఆయన కండ్లద్దములు పెట్టుకొని అంకె పైకి చదివి, రసీదుపై తేది, కారు నంబరు, మీటరు చూపిన కిలోమీటర్లు వ్రాసి సంతకము చేయును. చేయుచు, "నీళ్లమాదిరే ఉండాది సామీ" అని ప్రతిసారియు అనును.